అక్క పెళ్లి డీవీడీలను ఫైళ్లుగా మార్చాలి, క్వాలిటీ పోకుండా ఎలా?

స్రవంతి, ఖమ్మం

అందరికీ నమస్కారం. మా అక్క పెళ్లి 2007లో ఖమ్మంలోనే జరిగింది. స్టూడియోవాళ్లు కరిజ్మా ఆల్బమ్‌తో పాటు మూడు డీవీడీలు ఇచ్చారు. మొదటి దాంట్లో పెళ్లికూతుర్ని చేయడం, ఎదుర్కోళ్లు. రెండో దాంట్లో పెళ్లి. మూడో దాంట్లో అప్పగింతలు, రిసెప్షన్. ఇంట్లో డీవీడీ ప్లేయర్ మూలపడి చాలా కాలమైంది. అక్క ఇప్పుడు డాలస్‌లో ఉంటోంది, పిల్లలు అమ్మ పెళ్లి చూస్తామని ఒకటే గొడవ. మా తాతయ్య నడుస్తూ, మాట్లాడుతూ కనిపించే వీడియో మా దగ్గర ఇదొక్కటే. అందుకే ఎలాగోలా కాకుండా సరిగ్గా చేయాలని నా పట్టుదల.

రెండో డీవీడీని ఇక్కడ ఒక షాపులో ఇస్తే 400 ఎంబీ ఫైలు చేసి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చారు. ఫోన్లో పర్లేదు. టీవీలో పెడితే ముఖాలు గళ్లుగళ్లుగా ఉన్నాయి. ఎవరైనా చెయ్యి కదిపితే అంచుల వెంబడి అడ్డగీతలు వస్తున్నాయి. అదే డిస్కు మామయ్యవాళ్ల పాత ప్లేయర్లో వేస్తే ఆ గీతలు లేవు, బొమ్మ చక్కగా ఉంది. అంటే డిస్కులో ఉన్నది బాగానే ఉందని అర్థమైంది.

యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి కొన్నాను, విండోస్ ల్యాప్‌టాప్ ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, సైజు ఎంత పెట్టాలి, ఆ గీతలు ఎందుకు వస్తున్నాయి, తెలిసినవాళ్లు చెప్పండి. మూడో డిస్కు బాగా గీరుకుపోయి ఉంది, దాని సంగతి తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

వెంకట్, బెంగళూరు

హ్యాండ్‌బ్రేక్ వేసుకోండి. వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్, ఉచితం, యాడ్స్ ఉండవు. డిస్కు పెట్టి, ఫాస్ట్ 1080పీ30 అని డిఫాల్ట్ ప్రీసెట్ (ముందే సిద్ధంగా ఉన్న సెట్టింగుల కట్ట) ఉంటుంది, అదే ఉంచి స్టార్ట్ నొక్కండి. నా సినిమా డీవీడీలన్నీ అలాగే మార్చుకున్నాను, బాగానే వచ్చాయి. సైజు గురించి బుర్ర పాడుచేసుకోకండి.

మిక్సింగ్ రాంబాబు, తణుకు

స్రవంతిగారూ, నేను చాలా ఏళ్లు పెళ్లి వీడియోల మిక్సింగ్, అంటే ఎడిటింగ్ చేశాను. మీ దగ్గరున్నలాంటి డిస్కులు తయారు చేయడమే మా పని. కాబట్టి వాటి లోపల ఏముంటుందో కాస్త వివరంగా చెప్తాను. అది తెలిస్తే సెట్టింగులు వాటంతట అవే అర్థమవుతాయి.

వెంకట్‌గారు చెప్పిన సాఫ్ట్‌వేర్ మంచిదే. కానీ సినిమా డీవీడీకి సరిపోయే సెట్టింగు పెళ్లి డీవీడీకి సరిపోదు. సినిమా ఫిల్మ్ మీద సెకనుకు 24 ఫ్రేములు తీస్తారు, ఒక్కో ఫ్రేము పూర్తి బొమ్మ. మన పెళ్లి కెమెరాలు అలా కాదు. 2007 అంటే ఎక్కువగా పానసోనిక్ ఎండీ 10000 లాంటి మినీ డీవీ కెమెరాలు. అవి 720 బై 576 సైజులో సెకనుకు 25 ఫ్రేములు తీస్తాయి, కానీ ప్రతి ఫ్రేములోనూ రెండు సగాలు ఉంటాయి. లైను వదిలి లైను ఒక క్షణానివి, మధ్యలో ఉన్న లైన్లన్నీ సెకనులో 50వ వంతు తర్వాతివి. దీన్నే ఇంటర్లేస్ అంటారు. పాత డబ్బా టీవీ ఈ రెండు సగాలనూ ఒకదాని తర్వాత ఒకటి చూపించేది కాబట్టి కదలిక నున్నగా ఉండేది. షాపువాళ్లు ఆ రెండు సగాలనూ ఒకే ఫ్రేములో అతికించేసి కంప్రెస్ చేశారు. ఈలోపు చెయ్యి కదిలిపోయింది కదా, అంచులు దువ్వెన పళ్లలా విడిపోయి కనిపిస్తాయి. మీరు చూసిన గీతలు అవే. ఒకసారి అలా ఫైలు అయిపోయాక బాగుచేయడం చాలా కష్టం, అందుకే ఆ 400 ఎంబీ ఫైలును పక్కన పడేసి డిస్కు నుంచే మళ్లీ మొదలుపెట్టండి.

ముందు డిస్కును ఉన్నదున్నట్టు హార్డ్‌డిస్కులోకి తీసుకోండి. స్టూడియో డిస్కుకు లాక్ ఏమీ ఉండదు. తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డర్ కనిపిస్తుంది, ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. లోపల వీడియో ఉండే వీఓబీ ఫైళ్లు ఒక్కోటీ 1 జీబీ దగ్గర తెగి ఉంటాయి. వాటిని విడివిడిగా కన్వర్టర్‌లో వేయకండి. తలంబ్రాల మధ్యలో ఒక ఫైలు అయిపోయి ఇంకోటి మొదలవుతుంది, అతుకు దగ్గర మాట, బొమ్మ ముందూవెనకా అవుతాయి. హ్యాండ్‌బ్రేక్‌లో సోర్స్ అడిగినప్పుడు ఫోల్డర్‌నే చూపించండి. అప్పుడు స్టూడియోవాళ్లు మెనూలో పెట్టిన భాగాలు టైటిల్స్‌గా వరసగా కనిపిస్తాయి.

ఇక సెట్టింగులు. హెచ్‌క్యూ 576పీ25 ప్రీసెట్‌తో మొదలుపెట్టి ఈ మార్పులు చేయండి. ఫిల్టర్స్‌లో ఇంటర్లేస్ డిటెక్షన్ ఆఫ్ చేయండి, డీఇంటర్లేస్ దగ్గర యాడిఫ్, దాని ప్రీసెట్ బాబ్ పెట్టండి. వీడియోలో ఫ్రేమ్ రేట్ 50, కాన్‌స్టంట్. బాబ్ అంటే ఆ రెండు సగాలనూ విడదీసి ఒక్కోదాన్నీ ఒక పూర్తి ఫ్రేముగా చేయడం. సెకనుకు 50 ఫ్రేములు వస్తాయి, మీ మామయ్యవాళ్ల ప్లేయర్లో చూసిన ఆ నున్నటి కదలిక తిరిగొస్తుంది. దీన్ని 25కి దించేస్తే సగం కదలిక పారేసినట్టే. బాబ్ పెట్టాక మనుషులు ముందుకీ వెనక్కీ వణుకుతూ కనిపిస్తే, మిక్సింగ్‌లో ఫీల్డ్ ఆర్డర్, అంటే ఆ రెండు సగాల వరస తిరగబడిందని అర్థం. అది చాలా డిస్కుల్లో ఉంటుంది. అలా వస్తే ఇక్కడ రాయండి, కస్టమ్‌లో ఏం మార్చాలో చెప్తాను.

సైజు ఎంత పెట్టాలని అడిగారు. సైజు పెట్టకండి, క్వాలిటీ పెట్టండి. కాన్‌స్టంట్ క్వాలిటీ అని ఒక స్లైడర్ ఉంటుంది, ఆర్ఎఫ్ అంటారు. నంబరు తగ్గేకొద్దీ క్వాలిటీ పెరుగుతుంది. డీవీడీ సైజు బొమ్మకు 18 నుంచి 22 మధ్య పెట్టమని హ్యాండ్‌బ్రేక్ వాళ్లే చెప్తారు. నేనైతే పెళ్లికి 18 పెడతాను. సినిమావాళ్లకు లైటింగ్ ఉంటుంది, మన దగ్గర రాత్రి ముహూర్తం, ఒక సన్‌గన్ లైటు, వెనకంతా చీకటి. ఆ చీకట్లో ఉండే సన్నటి గింజల్లాంటి నాయిస్‌ని తక్కువ క్వాలిటీలో నొక్కితే బొమ్మ గడ్డకట్టినట్టు అవుతుంది. ఎన్‌కోడర్ (వీడియోను కుదించే పద్ధతి) హెచ్.264, స్పీడ్ దగ్గర స్లో. హెచ్.265 అయితే ఇంకా చిన్నది అవుతుంది, కాదనను. కానీ ఇంత చిన్న బొమ్మకు దాని లాభం పెద్దగా ఉండదు, పాత టీవీల్లో ఆడదు.

మొత్తం పెళ్లి ఒకేసారి పెట్టేసి రాత్రంతా ఎదురుచూడొద్దు. హ్యాండ్‌బ్రేక్‌లో రేంజ్ దగ్గర సెకన్లు ఎంచుకుని ఒక్క నిమిషం చేసి చూడండి. ఆ నిమిషం తలంబ్రాలే అయి ఉండాలి. బియ్యం గింజలు గాల్లో ఉంటాయి, ఒక్కో ఫ్రేములో ఒక్కోచోట. మధ్యలో ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు పడి తెర మొత్తం తెల్లబడి మళ్లీ మామూలవుతుంది. వెనక పట్టుచీర జరీ మెరుస్తూ ఉంటుంది. ముందు ఫ్రేము నుంచి కాపీ కొట్టడానికి ఎన్‌కోడర్‌కు ఏమీ దొరకని చోటు అది. అక్కడ గింజ గింజ విడిగా కనిపించిందంటే మిగతా పెళ్లంతా నిశ్చింతగా వదిలేయొచ్చు. రెండో పరీక్ష హోమం పొగ. పొగలో మెట్లు మెట్లుగా చారలు కనిపిస్తే ఆర్ఎఫ్ ఇంకో నంబరు తగ్గించండి.

డైమెన్షన్స్‌లో అనామార్ఫిక్ ఆటోమేటిక్‌గానే ఉంచండి, 720 బై 576 అని చేత్తో కొట్టొద్దు. డీవీడీ పిక్సెల్స్ చదరంగా ఉండవు. 4:3 వీడియో తెర మీద 768 బై 576గా సాగాలి, లేకపోతే అందరూ కాస్త సన్నబడతారు. టీవీ రిమోట్‌లో స్ట్రెచ్ నొక్కితే అందరూ లావవుతారు, అదీ చేయకండి. పక్కన నల్లటి ఖాళీ ఉంటే ఉండనివ్వండి. అప్‌స్కేల్, అంటే బొమ్మ సైజు పెంచడం, వద్దు. డీనాయిస్ ఫిల్టర్ జోలికీ వెళ్లొద్దనే నా మాట. నాయిస్‌తో పాటు జరీ, ముఖాల్లో ముడతలు కూడా తుడిచేస్తుంది. మీ తాతయ్యగారి ముఖం అలా నున్నగా చేసుకోవాలని మీరు కోరుకోరు కదా.

ఆడియో ఏఏసీ 160 చాలు.

ఒక డిస్కులో రెండు గంటల పెళ్లి ఉందనుకుంటే, డిస్కు 4.7 జీబీ కాబట్టి అసలు వీడియోకే సెకనుకు సుమారు 5 మెగాబిట్లు దొరికాయి. ఇలా మారిస్తే ఎంత అవుతుందనేది వీడియోలోని నాయిస్, కదలికలను బట్టి ఉంటుంది. స్టూడియోవాళ్లు మూడు గంటలు ఒకే డిస్కులో కుక్కి ఉంటే డిస్కులోనే గళ్లు ఉంటాయి, వాటిని మనం తీయలేం. ఫైళ్లు వచ్చాయి కదా అని ఆ వీడియో టీఎస్ ఫోల్డర్లను మాత్రం చెరిపేయొద్దు. 1 టీబీ హార్డ్‌డిస్కులో ఇలాంటి డిస్కులు 200 దాకా పడతాయి, మీవి మూడే. అసలుది ఉంటే రేపు ఇంతకంటే మంచి పద్ధతి వచ్చినప్పుడు మళ్లీ చేసుకోవచ్చు.

స్రవంతి, ఖమ్మం

రాంబాబుగారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. తలంబ్రాలతో పరీక్ష చేశాను. 22లో గింజలు కలిసిపోయి తెల్లటి మరకలా వచ్చింది, 18లో విడివిడిగా కనిపిస్తున్నాయి. అడ్డగీతలు పూర్తిగా పోయాయి, వణుకు కూడా లేదు. రెండు డిస్కులు కాపీ అయ్యాయి. మూడోది మాత్రం సగంలో ఆగిపోయి డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్ అంటోంది. అప్పగింతలు అందులోనే ఉన్నాయి.

మిక్సింగ్ రాంబాబు, తణుకు

కంగారు పడకండమ్మా. ఆ మాటకు అర్థం డిస్కులో ఒక చోట చదవలేకపోయాను అని. విండోస్ కాపీ అక్కడితో చేతులెత్తేస్తుంది, తర్వాత ఉన్న మంచి భాగాన్ని ముట్టుకోదు.

ముందు మెత్తటి బట్టను కాస్త నీటితో తడిపి, మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవండి. గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే కొత్త గీత ట్రాక్ వెంబడే పడుతుంది, అది ఇంకా నష్టం. టూత్‌పేస్ట్ రాయమని ఎవరో ఒకరు చెప్తారు, వినొద్దు. డిస్కు మీద కాగితం స్టిక్కర్ ఉంటే పీకొద్దు, పీకేటప్పుడు డిస్కు వంగి దెబ్బతినొచ్చు.

తర్వాత డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, లినక్స్‌లో నడుస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ బూట్ చేయడం తెలిసినవాళ్లు మీ చుట్టుపక్కల ఎవరైనా ఉంటారు, ఇంజనీరింగ్ పిల్లలకు ఇది తేలికే. సెక్టర్ (డిస్కులో ఒకసారి చదివే చిన్న ముక్క) సైజు 2048 అని చెప్పమనండి. అది ముందు సులువుగా వచ్చే భాగమంతా తీసేసి, మొండికేసిన చోట్లకు తర్వాత మళ్లీ మళ్లీ వెళ్తుంది. ఎక్కడెక్కడ చదివిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. అందువల్ల అదే డిస్కును ఇంకో డ్రైవ్‌లో పెట్టి, మొదటిదానికి దొరకని ముక్కలు మాత్రమే అందులోంచి తీయించవచ్చు. డ్రైవ్ మారితే ఫలితం మారడం నేను చాలాసార్లు చూశాను. పాత డెస్క్‌టాప్ డ్రైవ్ దొరికితే వదలకండి.

చివరికి కొన్ని సెక్టర్లు రాకపోయినా బెంగ వద్దు. డీవీడీలో 25 ఫ్రేముల వీడియోకు ప్రతి 15 ఫ్రేముల లోపు కొత్తగా పూర్తి బొమ్మ మొదలవుతుంది. ఒక సెక్టర్ పోతే అర సెకను పాటు బొమ్మ చెదిరి మళ్లీ సర్దుకుంటుంది.

ప్రసాద్, న్యూజెర్సీ

డాలస్‌కు పంపే సంగతి నేను చెప్తాను, మా ఇంట్లోనూ ఇదే జరిగింది. యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే ఒకటి చూసుకోండి. మన పెళ్లి వీడియోల్లో వెనక అన్నీ సినిమా పాటలే. అన్‌లిస్టెడ్ పెట్టినా కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, కొన్ని పాటలకు వీడియోనే ఆడనివ్వదు. వాట్సాప్‌లో మామూలుగా వీడియోలా పంపితే మీరు పడ్డ కష్టమంతా అది మళ్లీ నలిపేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ వరకు ఫైలు చెక్కుచెదరకుండా వెళ్తుంది. అంతకంటే పెద్దవైతే గూగుల్ డ్రైవ్, ఉచితంగా 15 జీబీ ఇస్తారు. లింకు ఇచ్చి, డౌన్‌లోడ్ చేసుకుని టీవీలో పెట్టుకోమనండి. బ్రౌజర్లో చూసి ఇంతేనా అనుకుంటారు, అక్కడ అది క్వాలిటీ తగ్గించి చూపిస్తుంది.

ఏఐతో 4కే చేసిస్తామనే వాటికి మాత్రం డబ్బు పోయకండి. ముఖం చిన్నగా ఉన్న చోట అది కొత్త ముఖం గీస్తుంది. మా అత్తయ్య ముఖం ఎవరిదోలా వచ్చింది.

మిక్సింగ్ రాంబాబు, తణుకు

ప్రసాద్‌గారి మాట అక్షరాలా నిజం.

స్రవంతిగారూ, ఇంకొకటి. బీరువాలో ఆల్బమ్ పెట్టెల దగ్గర అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే చిన్న క్యాసెట్లు ఉన్నాయేమో వెతకండి. అవి మినీ డీవీ టేపులు. కొన్ని స్టూడియోలు మిక్సింగ్ అయ్యాక వాటిని ఇంటివాళ్లకే ఇచ్చేసేవి. దొరికితే డీవీడీల పని అంతటితో ఆపేయొచ్చు. టేపులో గంటకు సుమారు 13 జీబీ డేటా ఉంటుంది, డీవీడీ చేసేటప్పుడు మేం నొక్కేసిన వివరమంతా అందులో అలాగే ఉంటుంది. పైగా మిక్సింగ్‌లో కత్తిరించిన భాగాలు, సినిమా పాట కింద కప్పేసిన అసలు మాటలు కూడా. మీ తాతయ్యగారి గొంతు డీవీడీలో పాట వెనక పడి ఉంటే, టేపులో స్పష్టంగా వినిపించవచ్చు. తీయడానికి మినీ డీవీ కెమెరా, ఫైర్‌వైర్ పోర్టున్న కంప్యూటర్ కావాలి. పాత స్టూడియోల్లో ఇప్పటికీ ఉంటాయి, మీకు తెలిసినచోట దొరకకపోతే నాకు మెసేజ్ పెట్టండి. క్యాసెట్ దొరగ్గానే దాని వెనక ఉండే చిన్న స్విచ్చిని సేవ్ వైపు జరపండి, పొరపాటున కూడా ఎవరూ దాని మీద రికార్డ్ చేయలేరు.