పిల్లల పోషక పానీయాల డబ్బాపై ‘ఎదుగుదల’ అన్న మాటను ఎవరు పరిశీలిస్తారు?

ప్రశ్న:
మా అబ్బాయికి ఏడేళ్లు. వాడికి పాలలో కలిపి ఇచ్చే పొడి డబ్బా ముందువైపు ‘ఎముకల ఎదుగుదలకు కాల్షియం అవసరం’ అని పెద్ద అక్షరాలతోనూ, వెనకవైపు 100 గ్రాములకు కలిపిన చక్కెర 32 గ్రాములని కంటికి ఆననంత చిన్న అక్షరాలతోనూ ఉంది. ఆ ముందువైపు మాటను ఎవరైనా పరిశీలించి ఒప్పుకుంటారా, లేక కంపెనీయే తోచింది రాసుకుంటుందా?

మొదటి జవాబు:
ఐరోపా సమాఖ్యలోనైతే పరిశీలిస్తారు. ఆహారం చేసే మేలు గురించి కంపెనీలు చెప్పుకునే ఇలాంటి మాటలను క్లెయిమ్‌లంటారు. 2006 నాటి ఆరోగ్య క్లెయిమ్‌ల చట్టం 14వ అధికరణం ప్రకారం, పిల్లల ఎదుగుదల గురించి చేసే క్లెయిమ్‌కు ఐరోపా ఆహార భద్రతా సంస్థ శాస్త్రీయ ఆధారాలను పరిశీలించి అభిప్రాయం చెప్పిన తర్వాతే అనుమతి లభిస్తుంది. మీరు రాసినటువంటి వాక్యం ఆమోదం పొందినదే, కాకపోతే అందులో ‘సాధారణ ఎదుగుదలకు’ అని ఉంటుంది. కీలకం ఆ ‘సాధారణ’ అన్న మాటే. చాలినంత కాల్షియం అందుతున్న పిల్లవాడు ఇంకొంత తాగితే ఇంకాస్త పొడుగవుతాడని ఆ వాక్యం చెప్పదు. ప్రకటనలు మాత్రం ఆ మాటను మింగేసి, పిల్లవాణ్ని గోడ మీది కొలబద్ద పక్కన నిలబెడతాయి. పిల్లలు పొడుగ్గా, బలంగా, చురుగ్గా తయారవుతారన్న హార్లిక్స్ టీవీ ప్రకటనను బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ 2008లో తప్పుపట్టింది.

రెండో జవాబు:
ఆ అనుమతి పోషకానికే గానీ పానీయానికి కాదు. పానీయమైతే 100 మిల్లీలీటర్లలో 60 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే చాలు, ఆ వాక్యం రాసుకోవడానికి పెట్టిన షరతు తీరుతుంది. ఆవుపాలలో సహజంగానే దాదాపు 120 ఉంటుంది కనుక, ఆ గ్లాసుకు మీ పొడితో పనే లేదు! చక్కెర మితిమీరిన పదార్థాలకు ఇలాంటి క్లెయిమ్‌లు దక్కకుండా 2009 జనవరి 19లోగా పోషక ప్రమాణాలు నిర్ణయించాలని అదే చట్టంలో రాసుకున్నారు. గడువు దాటి పదిహేనేళ్లయినా అవి రాలేదు. నా దృష్టిలో అసలు లోపం అక్కడే ఉంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. డబ్బాలోని చెంచాకు 25 గ్రాములు పడుతుంది, రోజుకు రెండు గ్లాసులంటే చక్కెర 16 గ్రాములు. విడి చక్కెరల (విడిగా కలిపిన చక్కెర, తేనె, పండ్లరసాలలోని చక్కెర) నుంచి వచ్చే శక్తి 10 శాతం లోపు, వీలైతే 5 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 1,600 కిలోకేలరీలు తినే పిల్లవాడికి ఆ 5 శాతం 20 గ్రాములే. సాయంత్రం గ్లాసులో ఇక ఉత్త పాలే పోస్తాను; ఉదయం గ్లాసుకు మాత్రం మావాడి అనుమతి ఇంకా రావాలి.