గాడులు నిండుగా ఉన్నాయి, టైరుకి తొమ్మిదేళ్లు దాటాయి: మార్చాలా, వద్దా?

కొత్తఓనర్:
సెకండ్ హ్యాండ్‌లో బైకు కొన్నాను. తిరిగింది పదకొండు వేల కిలోమీటర్లే, ఇంజను శుభ్రంగా ఉంది. ముందు టైరు గాడులు లోతుగానే ఉన్నాయి. కానీ టైరు పక్కన ముద్రించే డాట్ నంబరు చివర 3216 అని ఉంది. అంటే 2016లో 32వ వారంలో తయారైంది. గాడుల అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తున్నాయి. అమ్మినాయన మాత్రం ఇంకో రెండేళ్లు ఢోకా లేదన్నాడు. ఏం చేయమంటారు?

గేర్లబ్బాయి:
అన్నా, తేదీ చూసి భయపడొద్దు. ఫలానా రోజు దాటగానే పాడైపోవడానికి రబ్బరేమీ పాలు కాదు. టైర్ల కంపెనీ మిషెలిన్ వాళ్లే ఐదేళ్లు వాడాక ఏటా నిపుణుడికి చూపించమంటారు, తయారై పదేళ్లయితే మార్చేయమంటారు. లెక్క ప్రకారం నీకింకా టైముంది. గాలి దిగడం లేదు, ఉబ్బు లేదు, అరుగుదల గుర్తుకి చాలా దూరంలో ఉంది. మంచి టైరు పారేయడం నాకు మనసొప్పదు.

తడిరోడ్డు:
గేర్లబ్బాయి గారూ, ఆ పదేళ్లు ఇక ఆపైన వాడకూడదనే హద్దు. అప్పటిదాకా బాగుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. నాదీ ఇలాంటి బండే, ఎనిమిదేళ్ల టైరు, గాడులు చెక్కుచెదరలేదు. చినుకులు అప్పుడే మొదలయ్యాయి. మలుపులో ముందు బ్రేకు మెత్తగా తాకానంతే, హ్యాండిల్ చేతిలో తేలికైపోయింది. మరుక్షణం మోచేయి రోడ్డు మీద ఉంది. వేగం పెద్దగా లేదు. వెనక చక్రం జారితే ఒక్కోసారి సర్దుకోవచ్చు, ముందుది జారితే ఆ వ్యవధి దొరకదు.

గాడులు నీళ్లని పక్కకి తోస్తాయి, నిజమే. రోడ్డుని పట్టుకునేది మాత్రం రబ్బరు మెత్తదనం. గాలిలోని ఆక్సిజన్, ఎండ, వేడి కలిసి ఏళ్ల తరబడి దాన్ని గట్టిపరుస్తూనే ఉంటాయి. ఓజోన్ పగుళ్లు పెడుతుంది. అందుకే రబ్బరులో మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటే అవి పైకి వచ్చి పొరలా కాపాడతాయి. నిలబెట్టేసిన బండికి ఆ కాపుదల సరిగ్గా అందదు. తక్కువ తిరిగిందని మనం సంబరపడే బండికే టైర్ల గండం ఎక్కువ.

గేర్లబ్బాయి:
మీరు పడినందుకు బాధగా ఉందండి. కానీ అది వానలో కదా. పొడి రోడ్డు మీద నెమ్మదిగా నడిపేవాడికి కూడా అదే వర్తిస్తుందా?

తడిరోడ్డు:
కుక్క అడ్డొచ్చినప్పుడు రోడ్డు పొడిగా ఉన్నా గట్టి బ్రేకు వేయాల్సిందేగా. నెమ్మదిగా నడపడం మన చేతిలో ఉంది, ఎదుటివాడు ఎలా వస్తాడన్నది లేదు.

గ్రీజుచేతులు:
మధ్యలో ఒక మాట. గోరుతో ట్రెడ్ మీద, అంటే రోడ్డుకి తగిలే భాగం మీద నొక్కి చూడండి. కొత్త టైరు మీద కాస్త దిగి మళ్లీ లేస్తుంది, ముదిరినదాని మీద గోరు జారుతుంది. ఇది కొలత కాదు, అందాజు మాత్రమే. గోరు దిగినంత మాత్రాన టైరు మంచిదని అనుకోవద్దు. పగుళ్లు గాడి అడుగున ఉన్నాయన్నారు కాబట్టి నేనైతే ఉంచను. అక్కడే రబ్బరు పలచన. విప్పినప్పుడు ట్యూబు ఉంటే అదీ మార్చండి, ట్యూబ్‌లెస్ అయితే వాల్వు మార్చండి. వాల్వు మొదట్లోని రబ్బరు కూడా అదే వయసుది, దాన్నెవరూ చూడరు. కొత్త టైరుతో మొదటి నూటయాభై కిలోమీటర్లు మలుపుల్లో బండి ఎక్కువ వాల్చకండి. పైపొర నున్నగా ఉంటుంది.

ఇంతకీ వెనక టైరు నంబరెంత?

కొత్తఓనర్:
మీరు అడిగాకే చూశాను. ఒక పక్క పూర్తి నంబరు లేదు, చక్రం అవతలికి వంగితే దొరికింది: 0921. అంటే 2021లో తొమ్మిదో వారం. వెనకది మాత్రమే మార్చి, ముందుది అలాగే ఉంచి అమ్మారన్నమాట. ముందు టైరు మీద గోరు అస్సలు దిగలేదు, గీసిన చోట తెల్లటి గీత మిగిలింది.

గేర్లబ్బాయి:
గోరు దిగకపోతే నేనూ మార్చమనే అంటాను అన్నా. వెనకది మాత్రం ఉంచు, ఏటా చూపించుకో.

తడిరోడ్డు:
రెండూ ఒకే జత అయితే మంచిదని నా అభిప్రాయం. ముందుది మాత్రం ఈరోజే.

కొత్తఓనర్:
ముందుది రేపు పొద్దున్నే మార్పిస్తాను, వాల్వుతో సహా. అప్పటిదాకా బండి తీయను. వెనకది కూడా విప్పించి లోపలివైపు చూపిస్తాను. పగులు కనబడితే దాన్నీ తీసేయిస్తాను.