కొత్త టెలిస్కోప్‌లో అంతా నలుపే, ఏం చేయాలి?

బొబ్బిలి నుంచి:
70 ఎం.ఎం. (ముందు లెన్స్ వెడల్పు) టెలిస్కోప్ కొన్నానండి, ఫోకల్ లెంగ్త్, అంటే లెన్స్ నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం, 700 ఎం.ఎం. నిన్న రాత్రి డాబా మీద పెట్టి పాపకి చందమామని చూపిద్దామంటే 10 ఎం.ఎం. ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్) ఎంత తిప్పినా అంతా నలుపే. దీంతో శని వలయాలు నిజంగా కనిపిస్తాయా?

చీపురుపల్లి నుంచి:
కనిపిస్తాయండి, చిన్నగానే అయినా చక్కగా. ముందు 25 ఐపీస్ పెట్టండి. 700ని 25తో భాగిస్తే 28 రెట్లు, అందులో ఆకాశం ఎక్కువ మేర కనబడుతుంది కాబట్టి దేన్నైనా పట్టుకోవడం తేలిక, మధ్యలోకి తెచ్చాక 10 వేస్తే 70 రెట్లు. ఇంకోటి, పగటిపూటే దూరంగా ఉన్న సెల్ టవర్ కొనని టెలిస్కోప్ మధ్యలోకి తెచ్చి, ఫైండర్ (గురి చూసుకోవడానికి పైన ఉండే చిన్న గొట్టం) స్క్రూలు మెల్లగా తిప్పుతూ అదే కొన ప్లస్ గుర్తు మీదకి వచ్చేలా సరిచేయండి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ చూడొద్దు, కన్ను పోతుంది.

కళింగపట్నం నుంచి:
పున్నమి కంటే అష్టమి చంద్రుడే మేలు. వెలుగూ చీకటీ కలిసే చోట గుంతల నీడలు స్పష్టంగా తేలతాయి. లెన్స్ మీద మంచు పడితే గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి.

బొబ్బిలి నుంచి:
టవర్‌తో సరిచేశానండి, చంద్రుడు దొరికాడు! "గుంత మధ్యలో కొండుంది నాన్నా" అని పాప కన్ను తీయట్లేదు. రెట్లు ఇంకా పెంచే బార్లో లెన్స్ కొనమంటారా?

చీపురుపల్లి నుంచి:
ఇప్పుడే వద్దు. 70 ఎం.ఎం.కి 140 రెట్లు దాటితే బొమ్మ మసకే. చలికాలంలో 25తోనే కృత్తికలు చూపించండి.