జనరల్ కె.వి. కృష్ణారావు వృత్తి జీవితంలో నిర్ణాయకమైన దశ ఏది?

ప్రశ్న (చరిత్ర పాఠకుడు):
1942లో మహార్ రెజిమెంటులో అధికారిగా చేరిన కొటికలపూడి వెంకట కృష్ణారావు గారు 1981 జూన్ 1న భారత సైన్యాధ్యక్షులయ్యారు. ఆయన ప్రస్తావన రాగానే 1971 యుద్ధాన్నో, గవర్నరు పదవులనో గుర్తుచేసుకుంటాం. మధ్యనున్న దాదాపు నాలుగు దశాబ్దాలలో ఆయనను అత్యున్నత పదవికి అర్హునిగా నిలబెట్టినది ఏదో తెలిసినవారు వివరించగలరా?

జవాబు (విశ్రాంత సైనికుడు):
నా దృష్టిలో అది 1971లో 8వ మౌంటెన్ డివిజన్ నాయకత్వమే. అప్పటి తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్)లోని సిల్హెట్ రంగంలో పోరాడిన ఆ డివిజన్‌కు చెందిన 4/5 గూర్ఖా రైఫిల్స్ జవాన్లు డిసెంబరు 7న హెలికాప్టర్లలో దిగి, తమకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన పాకిస్తానీ బలగాన్ని లొంగుబాటు దాకా అక్కడే కట్టిపడేశారు. చిన్న దళం నుంచి పెద్ద దళం దాకా బెటాలియన్, బ్రిగేడ్, డివిజన్, కోర్ అనే మెట్లలో డివిజన్ స్థాయిలో యుద్ధం చేసి గెలిచిన అధికారికి పైవారి దృష్టిలో ప్రత్యేక స్థానం ఉంటుంది.

జవాబు (రక్షణ వ్యవహారాల అభిమాని):
పై మిత్రునితో కొంత విభేదిస్తున్నాను. హెలికాప్టర్లతో బలగాలను దించే సాహసం వెనుక ఆ డివిజన్‌కు పై అధికారి అయిన కోర్ కమాండర్ సగత్ సింగ్ ఆలోచనే ప్రధానం కనుక, ఆ ఘనతను డివిజన్ కమాండరుకే పూర్తిగా ఆపాదించలేము. కృష్ణారావు గారి స్వంత ముద్ర 1975లో ఆయన అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల కమిటీలో కనిపిస్తుంది. అప్పటి మన పదాతిదళంలో అధిక భాగం కాలినడకనో లారీలలోనో కదిలేది. మైదాన ప్రాంతాల్లో ట్యాంకులతో సమానంగా ముందుకు సాగాలంటే జవాన్లకు కవచ వాహనాలు కావాలని, పోరాడే దళాలకూ వాటి వెనుక నడిచే సరఫరా, కార్యాలయ యంత్రాంగానికీ మధ్య నిష్పత్తి మారాలని ఆ కమిటీ భావించింది. అందులో సభ్యుడైన సుందర్జీ తరువాత తానే సైన్యాధ్యక్షుడై యాంత్రీకరణను ఎంతో ముందుకు తీసుకువెళ్లారు. ఆయనదీ మహార్ రెజిమెంటే. 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ (కవచ వాహనాలలో కదిలే పదాతిదళం) ఏర్పడటం ఈ ఆలోచనాధారకు కొనసాగింపే. యుద్ధవిజయాలకు స్మారకాలు కడతారు గానీ కమిటీ నివేదికలకు ఎవరు కడతారు!

ప్రశ్న (చరిత్ర పాఠకుడు):
ధన్యవాదాలండీ. అయితే ఆయన నియామకం కేవలం సీనియారిటీ వల్ల జరిగిందని అనలేమా?

జవాబు (రక్షణ వ్యవహారాల అభిమాని):
సీనియారిటీ ఒక్కటే చాలదనడానికి ఆయన పదవీ విరమణే ఉదాహరణ. 1923 జూలైలో జన్మించిన ఆయన అరవై ఏళ్లు నిండిన నెలలోనే, అంటే 1983 జూలై 31న, పదవి వీడారు. అప్పుడు సైన్య ఉపాధ్యక్షునిగా ఉన్న, సీనియర్ అయిన ఎస్.కె. సిన్హాను కాదని ప్రభుత్వం ఎ.ఎస్. వైద్యను ఎంపిక చేయగా, సిన్హా రాజీనామా చేశారు. కృష్ణారావు గారి విషయంలో 16వ కోర్, ఆపై పశ్చిమ కమాండ్ బాధ్యతలు కూడా తోడయ్యాయి. ఇవి రెండూ పాకిస్తాన్ సరిహద్దును కాచేవే.

జవాబు (విశ్రాంత సైనికుడు):
కమిటీ ప్రాధాన్యాన్ని అంగీకరిస్తాను. కానీ గవర్నరు పదవులను అనుబంధంగా చూడకూడదు. ఈశాన్య రాష్ట్రాల తరువాత 1989లో జమ్మూ కాశ్మీరుకు వెళ్లి, 1990 జనవరిలో వైదొలగిన ఆయననే 1993లో మళ్లీ అక్కడికి పంపారు. 1987 తరువాత ఆ రాష్ట్ర శాసనసభకు తొలి ఎన్నికలు 1996లో ఆయన హయాములోనే జరిగాయి.