స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూలో "లేదు" అన్నవారికి డిప్రెషన్ లేనట్టేనా?

ప్రశ్న – క్లినికల్ సైకాలజీ విద్యార్థిని, శ్రీకాకుళం

వయోజనుల మానసిక వైద్య విభాగంలో మూడు నెలలుగా శిక్షణ పొందుతున్నాను. రోగ నిర్ధారణకు మినీ ఇంటర్వ్యూ (M.I.N.I. – మానసిక జబ్బులను గుర్తించడానికి ముందే రాసిపెట్టిన ప్రశ్నలను వరుసగా అడిగే స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూ) వాడమన్నారు. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలోనూ దీన్నే వాడారు కాబట్టి నమ్మకంతోనే మొదలుపెట్టాను. అయితే కవిటి, సోంపేటల నుంచి వచ్చేవారిలో చాలామంది ఒళ్ళు నొప్పులు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం గురించి చెబుతారే గాని, రెండు వారాలుగా విచారంగా ఉంటున్నారా అని అడిగితే లేదంటారు. ఆసక్తి గురించిన ప్రశ్నకూ లేదంటే డిప్రెషన్ భాగం మొత్తం దాటేయాలి. కాగితం జబ్బు లేదంటుంది, ఎదుట కూర్చున్న మనిషిని చూస్తే ఉందనిపిస్తుంది. దేన్ని నమ్మాలి?

సమాధానం – సైకియాట్రిస్టు, విజయనగరం

ప్రశ్నను ముందు ఉన్నది ఉన్నట్టే చదవాలి, అందులో మార్పు లేదు. కాని అర్థం కాకపోతే విడమరచి చెప్పడానికి, ఉదాహరణ అడగడానికి మినీ అనుమతిస్తుంది. "విచారం" మన పల్లెల్లో నోట పలికే మాట కాదు. దిగులుగా ఉంటోందా, బెంగ పెట్టుకున్నారా, పొలానికి వెళ్ళబుద్ధి అవుతోందా, మనవలు దగ్గరికొస్తే మాట్లాడబుద్ధి అవుతోందా అని అడిగి చూడండి. రెండు వారాలు, రోజులో ఎక్కువ భాగం అన్న షరతులను మాత్రం సడలించకండి.

మీరు చెప్పినది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. నీరసం, ఆకలి మందగించడం, నిద్రలేమి కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి కనుక, క్రియేటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష) చూడకుండా ఆ లక్షణాలను డిప్రెషన్ లెక్కలో వేయకూడదు.

అంతమాత్రాన ఇంటర్వ్యూను పక్కన పెట్టకండి. రోగి తనంతట తాను చెప్పని సంగతిని కూడా అది మన చేత అడిగిస్తుంది. ప్రాక్టీసు తొలి రోజుల్లో దిగులుతో వచ్చిన ఒక యువకుడికి, ఎప్పుడైనా వారం పాటు నిద్ర అక్కర్లేనంత హుషారు, విపరీతమైన ఖర్చు, ఎడతెగని మాటలు ఉండేవా అని అడగకుండానే డిప్రెషన్ మందు రాశాను. నెల తిరిగేసరికి అతను ఉన్మాద స్థితిలో (ఆ హుషారే హద్దు మీరిన మేనియాలో) వచ్చాడు. అంతకు రెండేళ్ళ క్రితమే ఒకసారి అలా జరిగిందని ఇంటివాళ్ళు అప్పుడు చెప్పారు. ఆ ఒక్క ప్రశ్న నేను అడగవలసింది.

సమాధానం – సోషల్ వర్కర్, బొబ్బిలి

సైకోసిస్ (లేని గొంతులు వినిపించడం, లేనివి నిజమని నమ్మడం వంటి లక్షణాల) భాగంలోనూ ఇదే జాగ్రత్త అవసరమండీ. అమ్మవారు తనతో పలుకుతుందని ఒకామె చెప్పగానే భ్రాంతి అని గుర్తు పెట్టేయకూడదు. పైడితల్లమ్మను కొలిచే ఊళ్ళలో పూనకం అందరూ ఎరిగినదే. అది జాతరనాడు వచ్చి తగ్గిపోతోందా, లేక వంటా పనీ మానేసి రాత్రంతా ఆ గొంతుకే జవాబు చెబుతోందా, ఇంటివాళ్ళకు కూడా వింతగా తోస్తోందా అన్నది తెలుసుకోవాలి.

ఆత్మహత్య, మద్యం గురించిన ప్రశ్నలు అడిగేటప్పుడు అత్తగారినో భర్తనో కాసేపు బయట కూర్చోమనండి. వాళ్ళ ఎదుట వచ్చిన "లేదు" అనే జవాబును నేను లెక్కలోకి తీసుకోను.

ప్రశ్న అడిగినవారు

సార్, మేడం, ధన్యవాదాలు. మినీకి సుమారు పదిహేను నిమిషాలని చెబుతారు, కాని ఇలా విడమరచి అడిగితే నలభై నిమిషాలైనా చాలడం లేదు. ఓపీ వరుసలో అది సాధ్యమేనా?

సమాధానం – సైకియాట్రిస్టు, విజయనగరం

ఒకే రోజు పూర్తి చేయనక్కర్లేదమ్మా. మొదటి అయిదు నిమిషాలు రోగి చెప్పింది వినండి. ఆత్మహత్య ఆలోచనల ప్రశ్నలు మాత్రం మొదటి రోజే అడగాలి. అడిగినందువల్ల కొత్తగా ఆ ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. వెళ్ళేటప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 చీటీ మీద రాసివ్వండి. మిగతా భాగాలు రెండో విజిట్‌లో అడగవచ్చు. అప్పటికి రక్త పరీక్షల రిపోర్టులు కూడా మీ చేతికి వస్తాయి.