హుగరాన్: చివర ‘రు’ పెట్టాలా, ‘రో’ పెట్టాలా?

అరసున్న:
మెక్సికోలోని గ్వాదలహారాకు చెందిన మనా రాక్ బృందం 1992లో తెచ్చిన ఆల్బమ్ పేరు ‘దోందే హుగరాన్ లోస్ నీన్యోస్’. అందులోని 12 పాటల్లో ఒకదానికీ అదే పేరు. నేను హ్యూస్టన్‌లో పనిచేసిన రోజుల్లో పక్క సీటులోని మెక్సికో మిత్రుడు ఈ పాటను కూనిరాగం తీస్తూ ఉంటే అర్థం అడిగి, ‘పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు’ అని డైరీలో రాసుకున్నాను. మొన్న ఆ డైరీ బయటపడింది. చూస్తే ‘రు’ కొట్టివేసి ఉంది, పక్కన ‘రో’ ఉంది, దాని మీద కూడా గీత ఉంది. ఎందుకు కొట్టివేశానో, మళ్ళీ ఎందుకు మనసు మార్చుకున్నానో జ్ఞాపకం లేదు. స్పానిష్ మాట చివరి ‘రాన్’ మీద నొక్కు గుర్తు పెట్టానో లేదో సిరా అలికిపోయి తెలియడం లేదు. పాట మధ్యలో ఇదే ప్రశ్న తిరిగి వచ్చినప్పుడు ‘దోందే’ వెనుక దయ్యాల మాట ఒకటి విన్నట్టు లీలగా గుర్తు. పెద్దలు సందేహం తీర్చగలరు.

శకటరేఫం:
నొక్కు గుర్తు ఉండి తీరాలి. అది ఉంటే ఊనిక చివరి అక్షరం మీద పడి భవిష్యత్కాలం అవుతుంది. తీసేస్తే ఊనిక నడిమి ‘గ’ మీదికి జారి, ‘ఒకవేళ ఆడుకుంటే’ అనే చోట వాడే రూపమవుతుంది, దానితో ఈ ప్రశ్న నిలబడదు. దయ్యాల మాట ‘దియాబ్లోస్’, విసుగులో వాడే తిట్టు; అది శీర్షికలో లేదు, పాటలో ఉంది. తెలుగులో మాత్రం ‘రు’నే ఉంచండి. 1970లో క్యాట్ స్టీవెన్స్ తన ఆల్బమ్ మొదటి పాటలో ఇదే ప్రశ్నను ఇంగ్లీషు వర్తమానంలో అడిగాడు, మనా భవిష్యత్తులో అడిగింది. మన ‘ఆడుకుంటారు’ రోజూ ఆడే ఆటకూ రేపు ఆడబోయే ఆటకూ కూడా చెల్లుతుంది కాబట్టి రెండు పాటలనూ ఒక్క క్రియతో తెలుగు చేయవచ్చు.

ద్రుతం:
శకటరేఫం గారు సౌకర్యం అనుకుంటున్నదే ఇక్కడ నష్టం. ఆ పాటలో తాత తన చిన్నతనాన్ని తలచుకుంటాడు: చెట్ల మధ్య ఆడాడు, ఏరు తేటగా ఉండేది, అందులో చేపలు పుష్కలంగా ఉండేవి. తాత ఆట భూతకాలంలో ముగిసిన పని, పిల్లల ఆట ఇంకా రాని కాలంలో ఉంది. ఈ రెంటి నడుమ ఉన్న ఎడమే పాటకు ప్రాణం, అటువంటి చోట ఇవాళ్టికీ రేపటికీ అతికే క్రియను తెచ్చి పెడితే ఆ ఎడం పూడిపోతుంది. పైగా స్పానిష్ భవిష్యత్తు రేపటి సంగతి చెప్పడానికే కాదు, ఇప్పటి సంగతిని ఊహించడానికీ పనికివస్తుంది. ‘ఎస్తరా ఎన్ కాసా’ అంటే ‘ఈపాటికి ఇంట్లో ఉంటాడు’ అనే. ‘కే ఓరా సెరా’ అంటే ‘గంట ఎంతయి ఉంటుందో’. చూడండి, ‘ఓ’ నేను పిలవకుండానే వచ్చి కూర్చుంది. గజేంద్రుడి చేత పోతన ‘కలడు కలండనెడువాడు కలడో లేడో’ అనిపించినప్పుడు ఆ ‘ఓ’లో ఎంత భయం ఉందో, ‘హుగరాన్’లోనూ అంతే ఉంది. కనుక ‘ఆడుకుంటారో’.

వలపలగిలక:
అరసున్న అని పేరు పెట్టుకున్నవారి ముందే పోతన పద్యంలోని అరసున్నలన్నీ ఎగరగొట్టిన ద్రుతం గారి సాహసానికి నమస్కారం. విషయానికి వస్తే, అది కందం. కందంలో రెండవ, నాలుగవ పాదాల చివర గురువు తప్పనిసరి. ‘లేఁడు’ అంటే చివర లఘువు పడి పద్యం చెడుతుంది, ‘లేఁడో’ అంటే నిలుస్తుంది. ఆ ‘ఓ’లో గజేంద్రుడి భయం ఎంత ఉందో, ఛందస్సు అవసరమూ అంతే ఉంది. మనా పాటకు అటువంటి నియమం లేదు కాబట్టి ఈ సాక్ష్యం చెల్లదు.

ద్రుతం:
పాదం చివరి ‘లేఁడో’ సంగతి సరే. దాని ముందున్న ‘కలఁడో’ పాదాంతంలో లేదు కదా! అక్కడ ‘ఓ’ను ఎవరు అడిగారు?

వలపలగిలక:
గణం అడిగింది. కందంలో ప్రతి గణానికీ నాలుగు మాత్రలు ఉండాలి, ‘కలఁడు’ అంటే మూడే వస్తాయి. అయినా మీ పక్షానికి నేనే ఒక బలం ఇస్తాను. ‘హుగరాన్’లో ఊనిక చివరి అక్షరం మీద ఉంది కాబట్టి పాడేవాడికి అక్కడ దీర్ఘం కావాలి. ‘రు’ను సాగదీస్తే ‘రూ’ అయి వెక్కిరింపులా వినిపిస్తుంది, ‘రో’ను ఎంత సాగదీసినా ‘రో’గానే ఉంటుంది. అర్థం కోసం కాదు, గొంతు కోసం నేను ‘రో’కు ఓటు వేస్తాను.

శకటరేఫం:
ఇద్దరూ ‘ఓ’ను పట్టుకుని వేలాడుతూ అసలు క్రియను వదిలేశారు. ఆ పద్యమంతా ‘కల’ ధాతువు మీద నడుస్తుంది. స్పానిష్ భవిష్యత్తు పుట్టుక చూడండి: ‘హుగర్’ అనే క్రియకు, ‘కలిగి ఉన్నారు’ అనే అర్థమున్న ‘ఆన్’ వచ్చి చేరి ‘హుగరాన్’ అయింది. లాటిన్ నుంచి వచ్చిన చెల్లెలి భాషల్లో చాలా వాటికి ఇదే దారి. మనకూ ‘నాకు ఇల్లు కలదు’ అన్నప్పటి ‘కల’యే ‘రాగలరు’, ‘విచ్చేయగలరు’ అన్నప్పుడు రాబోయే పనిని చెబుతుంది. అరసున్న గారు మొదటి సందేశం చివర ‘తీర్చగలరు’ అని తమకు తెలియకుండానే జవాబు రాసేశారు. ‘పిల్లలు ఎక్కడ ఆడగలరు?’ అనండి. ‘ఆన్’కు ‘కలరు’ అచ్చంగా సరిపోతుంది, పోతన కూడా మీ వెంటే ఉంటాడు.

అరసున్న:
శకటరేఫం గారి వ్యుత్పత్తి చదివి మురిసిపోయాను. మా ఇంట్లో పన్నెండేళ్ళ అమ్మాయికి ‘పిల్లలు ఎక్కడ ఆడగలరు’ అని చదివి వినిపిస్తే, ‘వాళ్ళకు ఆడడం వచ్చా అని అడుగుతున్నారా?’ అంది. ఆహ్వానపత్రికలో భవిష్యత్తుగా నిలిచే ‘గలరు’ ఇంట్లో సామర్థ్యంగా మారిపోతోంది. ఈ చిక్కు అలా ఉంచి, ‘దియాబ్లోస్’కు ఎవరైనా తెలుగు మాట చెబుతారా? ‘ఎక్కడ దయ్యాలు’ అని రాస్తే పిల్లలు దయ్యాలతో ఆడుకుంటున్నట్టు ఉంది.

ద్రుతం:
‘ఏ గంగలో’ అనండి. విసుగు, తెగింపు, దిక్కుతోచనితనం మూడూ అందులో ఉన్నాయి. ‘ఏ గంగలో దూకమంటావు’ అనేది మన ఇళ్ళలో రోజూ వినే మాట. ‘ఇంత నాశనం చేశాక పిల్లలు ఏ గంగలో ఆడుకుంటారో!’ అంటే తాత చెప్పిన ఏరు కూడా లోలోపల మెదులుతుంది.

వలపలగిలక:
మెదలడం కాదు, ఏరు మళ్ళీ పారుతుంది. ఆ పాటలో ఇప్పుడు లేనిదే ఏరు. మీరు తిట్టు పేరుతో నిండు గంగను తెచ్చి పోస్తే అడిగినవాడికి జవాబు దొరికినట్టే కదా, గంగలోనే ఆడుకుంటారు!

శకటరేఫం:
గంగ అభ్యంతరం నాకు నచ్చింది. తాత జ్ఞాపకంలోనే ఇంకొక ఉచ్చు ఉంది, అక్కడ రంగురంగుల ‘అల్కత్రాసెస్’ అని వస్తుంది. స్పెయిన్ నిఘంటువు చూసి అనువదించేవారు దానిని సముద్రపక్షి అనుకుంటారు. మెక్సికోలో అది గరాటు ఆకారంలో ఉండే కాలా లిల్లీ పువ్వు, దియేగో రివేరా చిత్రాల్లో పూలమ్మే స్త్రీల వీపుల మీద బుట్టల కొద్దీ కనిపించేది అదే. పక్షి అనుకుంటే తాత సముద్రతీరంలో పెరిగాడని అర్థం చెప్పుకోవలసి వస్తుంది.

అరసున్న:
నా డైరీలో ‘కొంగలు’ అని ఉంది. ఇప్పుడే కొట్టివేశాను.

వలపలగిలక:
ఒక్క అక్షరం కోసం ఇంత పోరాడుతున్నాం గనుక మోలోతోవ్ బృందాన్ని తలచుకోక తప్పదు. మెక్సికోకే చెందిన వారు 1997లో తమ ఆల్బమ్‌కు ‘దోందే హుగరాన్ లాస్ నీన్యాస్’ అని పేరు పెట్టి మనాను ఆటపట్టించారు. ‘న్యోస్’ను ‘న్యాస్’ చేసి, ముందున్న ‘లోస్’ను ‘లాస్’ చేస్తే పిల్లలు పోయి ఆడపిల్లలు వచ్చారు, ప్రశ్న చిలిపిదైపోయింది. తెలుగు బహువచనంలో ‘వారు’ ఆడా మగా తేడా చూపదు కనుక ఆ చమత్కారం మన క్రియలో దాగదు, ‘ఆడపిల్లలు’ అని విప్పి చెప్పవలసిందే, విప్పితే నవ్వు రాదు.

ద్రుతం:
మోలోతోవ్ వారు కూడా ‘హుగరాన్’ను ముట్టుకోలేదని గమనించగలరు.

శకటరేఫం:
‘గమనించగలరు’ అన్నారు, సంతోషం. అన్నట్టు, మొదటి సందేశం నుంచీ అందరం ‘హుగరాన్’ అనే రాస్తున్నాం. మెక్సికోలో ఆ ‘హ’ మెత్తగా ఉంటుంది కానీ స్పెయిన్‌లో గొంతు గీరుకుంటూ ‘ఖ’కు దగ్గరగా పలుకుతారు. పాట గ్వాదలహారాది కనుక ‘హు’ అని సరిపెట్టుకున్నాను, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి.

వలపలగిలక:
ఉంది.