శనివారం దయ్యాల గది: ఎవరెవరు ఏం చేస్తున్నారు?

కార్యదర్శి, సోమవారం రాత్రి
ఇంకా ఐదు రోజులే. బ్యానర్, బ్యాడ్జీలు, మైకులు, ఫోటోలు, పార్కింగ్: ఎవరి పని ఎంతవరకు వచ్చిందో రేపటికల్లా ఇక్కడ రాయండి. దయ్యాల గది డెకరేషన్ అక్క చూసుకుంటున్నారు కాబట్టి దాని గురించి టెన్షన్ లేదు.

డెకరేషన్, మంగళవారం ఉదయం
ఉంది. హాల్ మేనేజర్ ఇప్పుడే మెయిల్ పెట్టాడు. పొగ మెషీన్ వద్దట, అలారం మోగుతుందట. నల్ల గుడ్డ సొరంగం కూడా వద్దట. నిప్పంటుకోదని సర్టిఫికెట్ ఉన్న గుడ్డనే లోపలికి రానిస్తారట. ఎగ్జిట్ బోర్డు కప్పకూడదట. ఇంకేం మిగిలింది?

ట్రెజరర్
ఆ గుడ్డ కత్తిరించేశాం కూడా, వాపసు తీసుకోరు. కొనేముందు హాల్ వాళ్ళని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

డెకరేషన్
అడగాల్సింది హాల్ బుక్ చేసినవాళ్ళు. మూడు వారాలు రాత్రుళ్ళు కూర్చుని కుట్టింది నేను. ఇక మీరే చేసుకోండి.

కార్యదర్శి
అక్కా, బుక్ చేసింది నేనే. రూల్స్ కాగితం రెండో పేజీ తిప్పలేదు. నన్ను తిట్టండి.

ట్రెజరర్
నేనూ ఆఫీసు చిరాకులో రాశాను. ఏమనుకోకండి.

పిల్లల వర్క్‌షాప్, మంగళవారం రాత్రి
ఒక మాట. ఆదివారం పిల్లల్ని "మీకు భయం వేసే చోటు గీయండి" అన్నాను. ఒక్కరూ పాడుబడ్డ బంగళా గీయలేదు. మంచం కింద, సగం తెరిచిన అల్మారా, తలుపు వెనక తగిలించిన చొక్కా. ఒక పాప ఆ చొక్కాకి చేతులు గీసి వేళ్ళు వదిలేసింది. ఎందుకే అంటే, "వేళ్ళు లేవు, అందుకే లైటు వేసుకోలేకపోతోంది" అంది. మనకి సొరంగం ఎందుకసలు?

సౌండ్
పొగ లేకుండా దయ్యాన్ని చూపించే పాత కిటుకు ఉంది. పెప్పర్స్ ఘోస్ట్ అంటారు. ఆలోచన హెన్రీ డిర్క్స్‌ది, 1862లో లండన్‌లో స్టేజీ మీద చూపించి పేరు కొట్టేసింది పెప్పర్. గాజుని 45 డిగ్రీలు ఏటవాలుగా నిలబెట్టి, పక్కన జనానికి కనపడకుండా బొమ్మ పెట్టి, దాని మీద లైటు వేయాలి. గాజులో ప్రతిబింబం గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తుంది. లైటు మెల్లగా తగ్గిస్తే మాయం.

డెకరేషన్
గాజు వద్దు, పిల్లలు. పాత పోస్టర్ ఫ్రేముల్లో యాక్రిలిక్ షీట్లు ఉన్నాయిగా? హాల్ వాళ్ళ టేబుళ్ళు, వాళ్ళ టేబుల్ క్లాత్‌లే వాడితే సర్టిఫికెట్ గొడవ ఉండదు. టేబుల్ కిందే మంచం కింద. పిల్లలు వంగి చూస్తారు.

కార్యదర్శి
మేనేజర్‌తో మాట్లాడాను. దారికి అడ్డం లేకపోతే చాలన్నాడు.

డెకరేషన్, గురువారం రాత్రి
హాల్లో పెట్టి చూశాం. దయ్యం పక్కనే ఎగ్జిట్ బోర్డు పచ్చగా తేలింది! బొమ్మ ఉన్న వైపు నుంచి వచ్చే వెలుగంతా షీట్‌లో పడుతుంది మరి. బొమ్మని రెండో వైపుకి మార్చి, షీట్ కూడా అటు తిప్పాక పోయింది. చప్పుడు మాత్రం తగ్గించు తమ్ముడూ, తలుపు కిర్రుమనడం ఒక్కటి చాలు.

సౌండ్
సరే అక్కా.

డెకరేషన్
ఎవరి దగ్గరైనా రెండేళ్ళ పిల్లల తెల్ల చొక్కా ఉందా? ముదురు రంగు చొక్కా అయితే షీట్‌లో కనిపించట్లేదు.

ట్రెజరర్
మావాడిది ఉంది. ఒక గుండీ ఊడింది, కుట్టి తెస్తాను.

డెకరేషన్
కుట్టకండి.